తుపాను తర్వాతి చెట్టును మైనంలో ఎలా వేయాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్ళీ చెప్పుకుంటాను. మీరు కాకినాడలో డ్రాయింగు మాస్టారు. ఇన్నాళ్ళూ అక్రిలిక్‌తో ప్రకృతి దృశ్యాలు వేశారు. ఇప్పుడు తుపానుకు విరిగి మళ్ళీ చిగురించిన చెట్లు, కోరింగ మడ అడవులు ఇతివృత్తంగా పది పన్నెండు బొమ్మలు ఎన్‌కాస్టిక్‌లో, అంటే కరిగించిన తేనెమైనంలో రంగు కలిపి వేసే పద్ధతిలో, వేయాలని ఉంది. అడిగినవి రెండు. మన ఎండలకు మైనం నిలుస్తుందా? దెబ్బ తిని లేచే ఆ గుణాన్ని మైనంలో ఎలా చూపించాలి?

మొదటిదానికి జవాబు: గోడ మీద నిలుస్తుంది, కారు డిక్కీలో నిలవదు. రెండోదానికి: చిగురు బొమ్మ వేయకండి. చిగురును అన్నిటికంటే ముందు వేసి, దాని మీద పొరలు కప్పి, కాల్చి, గీకి బయటికి తీయండి. ఆ వీలు ఉంది కాబట్టే ఈ మాధ్యమంతో ఇంత కష్టపడడం. అది అక్కరలేకపోతే మీ చేతికి అలవాటైన అక్రిలిక్కే హాయి.

నేను విశాఖపట్నంలో ఉంటాను, పదిహేనేళ్ళుగా మైనంతో వేస్తున్నాను. మొదటి నాలుగేళ్ళు వేసినదాంట్లో ఇవాళ నా గోడ మీద ఒక్కటీ లేదు. మొదట్లో రంగు కరిగించడానికి మా అత్తగారి దోసెల పెనం తీసుకున్నాను. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "అమ్మాయ్, దీని మీద ఇక దోసె లేస్తుందా?" అని మాత్రం అన్నారు. లేవలేదు. మీరు వేరే పెనం కొనుక్కోండి.

ముందు ఎండ సంగతి. తేనెమైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మేలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 దాటినా ఇంటి లోపలి గోడ 62కు పోదు. కాబట్టి బొమ్మ కారిపోదు. అయితే కరగకపోయినా 40 దాటాక మైనం మెత్తబడుతుంది, వేలు ఆనిస్తే ముద్ర పడుతుంది, దుమ్ము అంటుకుంటుంది. రేకుల ఇంట్లో, పడమటి ఎండ నేరుగా పడే గోడ మీద, వంటగది అవతలి గోడ మీద పెట్టకండి. మిగతా చోట్ల భయం లేదు.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా అందరూ ఈజిప్టులోని ఫయూమ్ చిత్రాలను చూపిస్తారు. రోమన్ల కాలంలో, క్రీస్తు శకం 1 నుంచి 3 శతాబ్దాల మధ్య, చనిపోయినవారి ముఖాలను పల్చటి చెక్క మీద వేసి మమ్మీకి కట్టేవారు. వాటిలో చాలా భాగం మైనంతో వేసినవే. 1888లో హవారా దగ్గర పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ తవ్వి తీసినప్పుడు బుగ్గల మీద కుంచె గీతలు కూడా చెక్కుచెదరలేదు. ఇది నిజమే, కానీ సగం నిజం. అవి ఉన్నది పొడి ఇసుక కింద, ఎండా వెలుతురూ తగలని సమాధుల్లో. మీ బొమ్మ ఉండబోయేది కాకినాడ ఉక్కలో, ట్యూబులైటు కింద. ఆ బొమ్మలను ధైర్యానికి తలుచుకోండి, హామీగా మాత్రం తీసుకోవద్దు.

నిజంగా దెబ్బతినేది దారిలో. ఓసారి మే నెలలో నాలుగు బొమ్మలను విజయవాడలో ఒక ప్రదర్శనకు మూసిన వ్యానులో పంపాను. గాలిబుడగల ప్లాస్టిక్ చుట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చాను. ఎండలో నిలిపిన మూసిన బండి లోపల వేడి 60 దాటడం వింతేమీ కాదు. అక్కడ విప్పి చూస్తే నాలుగింటి మీదా వరసగా గుండ్రటి గుంటలు. చెరువు గట్టున కప్పగుడ్లు పరుచుకున్నట్టు. ఒకాయన దగ్గరికి వచ్చి, "ఈ అల్లిక ఎలా తెచ్చారండీ, చాలా బాగుంది" అన్నారు. ఏం చెప్పను? అప్పటినుంచి బొమ్మ ముఖానికి ఏదీ తగలకుండా నాలుగు అంచులకు చెక్క పుల్లలు కొట్టిన పెట్టెలో, నిలువుగా, రాత్రి ప్రయాణంలోనే పంపుతున్నాను.

మైనం ఏది? కొవ్వొత్తి మైనం వద్దు. అది పారఫిన్, పెట్రోలియం నుంచి వచ్చేది. పెళుసు, రంగును సరిగా పట్టుకోదు, చలికాలంలో పగుళ్ళిస్తుంది. తేనెమైనమే కావాలి. ఏజెన్సీ నుంచి వచ్చే మైనం ఎక్కువగా కొండతేనె పట్టులది. పసుపు రంగులో, కొంచెం పొగ వాసనతో ఉంటుంది. బజారులో పారఫిన్ కలిపి అమ్మేవారు చాలామంది. చల్లటి ముక్కను విరిచి చూడండి. తేనెమైనం విరిగిన చోట బెల్లం ముక్కలా పలుకులుగా కనిపిస్తుంది. పారఫిన్ కలిసినది నున్నగా, చేతికి జారుడుగా ఉంటుంది. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, కానీ నన్ను రెండు మూడుసార్లు కాపాడింది.

తెల్లటి మైనం కావాలంటే పల్చటి రేకులుగా చేసి ఎండలో పరవాలి. సముద్రపు నీటిలో మరిగించి ఎండకు తెల్లబరిచే పద్ధతిని మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టాడు. సముద్రం పక్కనే ఉన్నాను కదా అని ఒక బిందె ఉప్పునీళ్ళు తెచ్చి నేనూ చేశాను. మూడు వారాల శ్రమకు తెలుపు రాలేదు, గంధం రంగు వచ్చింది. మీ ఇతివృత్తానికి తెలుపు కంటే ఆ గంధం రంగే మేలు. మట్టికీ బెరడుకీ పసుపు మైనం అచ్చంగా సరిపోతుంది. నీలి ఆకాశం జోలికి పోతే మాత్రం ఆకుపచ్చగా మారుతుంది.

మైనం ఒక్కటే చాలదు, గట్టిపడడానికి చెట్టు జిగురు కావాలి. అందరూ వాడేది డామర్. పేరు విని రోడ్డు మీద పోసే డాంబరు అనుకోకండి. ఇండోనేషియా, మలేషియా అడవుల్లో మన సాల వృక్షానికి చుట్టాలైన చెట్ల నుంచి కారే లేత పసుపు పలుకులు ఇవి. మన గుగ్గిలం కూడా ఆ కుటుంబపు చెట్ల జిగురే. మంచి గుగ్గిలం దొరికితే పని జరుగుతుంది, నేను చేశాను. కానీ కిరాణా కొట్లో గుగ్గిలం పేరుతో ఇచ్చేదాంట్లో పైన్ చెట్టు జిగురు కలిసి ఉంటే బొమ్మ నాలుగేళ్ళలో నల్లబడి పెళుసెక్కుతుంది. సాంబ్రాణి అసలే వద్దు, అది వేరే వస్తువు. మొదటి బొమ్మలకు డామరే కొనండి.

పాళ్ళు: పుస్తకాల్లో తూకం ప్రకారం 8 పాళ్ళ మైనానికి 1 పాలు డామర్ అని ఉంటుంది. మన ఎండకు నేను 6కు 1 కలుపుతాను. 4కు 1 చేస్తే గాజులా గట్టిపడుతుంది, కింద పడితే అంచు ఎగిరిపోతుంది. డామర్ కరగాలంటే 110 డిగ్రీలు దాటాలి. ఆ ఒక్క పనినీ ఆరుబయట, ఒకేసారి రెండు మూడు కిలోలకు సరిపడా చేసి, పాత పల్చటి బట్టలో వడగట్టండి. బెరడు ముక్కలూ చీమలూ బట్టలో మిగులుతాయి. వడగట్టినది గిన్నెల్లో పోసి బిళ్ళలుగా దాచుకుంటే ఏడాది పనికొస్తుంది. రంగు కలిపి వేసేటప్పుడు మాత్రం పెనం 80 నుంచి 90 డిగ్రీల మధ్యే ఉండాలి.

93 డిగ్రీలు దాటనివ్వకండి. పొగ కనిపించిందంటే దాటిందని అర్థం. ఆ పొగ కళ్ళనూ గొంతునూ మండిస్తుంది, ఊపిరితిత్తులకు చెరుపు. పెనం మీద థర్మామీటరు పెట్టండి, అంచనాలు వద్దు. కిటికీ తెరిచి, గాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టుకోండి. మైనం అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. పోస్తే మంట కప్పు దాకా లేస్తుంది. మూత పెట్టి ఊపిరాడకుండా చేయాలి, మూత ఎప్పుడూ చేతికందే చోటే ఉండాలి. రంగు పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు. సీసం, కాడ్మియం ఉన్న పొడులను ఇంట్లో పెట్టనే వద్దు. మీ బొమ్మలకు కావలసిన రంగులు జాజు, పసుపు మట్టి, దీపపు మసి, కాస్త తెలుపు. వీటితో తొంభై పాళ్ళు పని అయిపోతుంది. వంటింటి పసుపు వాడదామని మాత్రం అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఆరు నెలల్లో వెలుతురుకు వెలిసిపోతుంది.

మీరు అక్రిలిక్ మనిషి కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. పాత అక్రిలిక్ బొమ్మ మీదా, అక్రిలిక్ పూత పూసిన కాన్వాసు మీదా మైనం వేయకండి. మైనం అడుగున ఉన్నదాని సన్న రంధ్రాల్లోకి దిగి పట్టుకోవాలి. అక్రిలిక్ ప్లాస్టిక్ పొర, దాంట్లోకి దిగడానికి ఏమీ ఉండదు. నేను అలా వేసిన ఒక బొమ్మ మూడు నెలలకు గోరు పెట్టి లాగితే అప్పడంలా మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. కాన్వాసు కూడా వంగుతుంది, మైనం వంగదు. పూత ఏదీ లేని ప్లైవుడ్ చాలు, మంచి రకం, వెనక చట్రం కొట్టినది. తెల్లటి అడుగు కావాలంటే తోలు జిగురులో సుద్దపొడి కలిపి పూయండి, అది పీల్చుకుంటుంది.

ఇక అసలు సంగతి. ఎన్‌కాస్టిక్ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి అర్థం కాల్చి లోపలికి ఎక్కించడం. కుంచెతో పూసిన మైనం రెండు సెకన్లలో గడ్డకడుతుంది. అప్పటికి అది కింది పొర మీద కూర్చుంది, అంతే. దాన్ని హీట్ గన్‌తో, అంటే వేడిగాలి ఊదే పనిముట్టుతో, మళ్ళీ వేడి చేస్తే రెండు పొరలూ ఒకదాంట్లోకి ఒకటి కరిగి అతుక్కుంటాయి. వేడి తగలని పొర ఏదో ఒక రోజు ఊడిపోతుంది. ప్రతి పొరకూ ఇది తప్పదు. గుర్తు ఏమిటంటే, మసకగా ఉన్న ఉపరితలం ఒక్కసారిగా తడిసినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు కనిపించిన క్షణాన గన్ పక్కకు తిప్పేయాలి. ఇంకో రెండు సెకన్లు ఆగితే రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసి పారతాయి, అంచులు పోతాయి. కొత్తలో అందరూ భయంతో తక్కువ వేడి ఇస్తారు, రెండో నెలలో ధైర్యం వచ్చి ఎక్కువ ఇస్తారు.

మనకు మైనం కొత్తేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో నీలిరంగు అంటకూడని చోట మైనం పూసేవారు. ఆదిలాబాదులో ఓజా కళాకారులు మైనపు తీగలతో బొమ్మ అల్లి, మట్టి కప్పి, కాల్చి, మైనం కారిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. ఆ రెండు చోట్లా మైనం పని చేసి వెళ్ళిపోతుంది. ఇక్కడ ఉండిపోతుంది. దానికి జరిగినదంతా, కాలినదీ గీకినదీ, దాని ఒంటి మీదే ఉంటుంది. తుపాను తర్వాతి చెట్టుకు ఇది సరైన పదార్థం అని నేను అనుకోవడానికి కారణం ఇదే.

మీరు బొమ్మ మొదలుపెట్టే ముందు ఒకటి తేల్చుకోండి. మీ చెట్టు తట్టుకున్నదా, తేరుకున్నదా? తెలుగులో ఈ రెండు మాటలూ వేరువేరు పనులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఊరి మీదుగా వెళ్ళినప్పుడు రెండూ చూశాను. మా వీధిలో తురాయి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. పొలిమేర తాటిచెట్లు మట్టలు చిరిగి, అలాగే నిలబడ్డాయి. అవి తట్టుకున్నాయి. మా గేటు పక్క వేపచెట్టు పంగ దగ్గర నిలువునా చీలింది, ఒక్క ఆకు మిగల్లేదు. కైలాసగిరి పచ్చదనం పోయి, వేసవి చివర్లో కాలిన కొండలా గోధుమరంగుకు తిరిగింది. వేప పోయిందనే అనుకున్నాం. కొట్టించడానికి మనిషిని కూడా పిలిచాం, ఊరంతా కూలిన చెట్లే కాబట్టి అతనికి తీరిక దొరకలేదు.

కార్తీక మాసం సగం గడిచాక ఒక ఉదయం చూస్తే మాను మీద ఎర్రటి చుక్కలు. చీమలు అనుకున్నాను. దగ్గరికి వెళ్తే చిగుళ్ళు. కొమ్మ చివర్లలో కాదు, అక్కడ కొమ్మలే లేవు. నా మోకాలి ఎత్తులో, ముదురు బెరడు పగుళ్ళలోంచి, అగ్గిపుల్ల తల అంత, రాగిరంగులో. బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు ఉంటాయనీ, పైకొమ్మలు పోతే అవి లేస్తాయనీ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ ఉదయం నాకు అర్థమైంది ఒక్కటే. చిగురు పైనుంచి అతికించినట్టు రాదు, లోపల ఉన్నదే బయటికి వస్తుంది. అప్పటికి నేను వేసిన చిగుళ్ళన్నీ చివర్లో సన్న కుంచెతో పైన పెట్టిన చుక్కలే.

ఆ వేపను నేను ఇలా వేశాను. ప్లైవుడ్ మీద మొదట జాజులో చిటికెడు పసుపు మట్టి కలిపి, మాను వచ్చే చోటంతా ఎర్రగా రెండు పొరలు. దాని మీద రంగు లేని మైనం రెండు పొరలు, ఇది గీకేటప్పుడు చేతికి అందే ఎడం. తర్వాత మసి, పసుపు మట్టి కలిపిన బూడిద రంగులు ఏడు పొరలు, ప్రతి పొరా కాల్చి. ఏడో పొర మీద కావాలనే వేడి ఎక్కువ ఇచ్చాను. మైనం కాలువలు కట్టి జారి బెరడులా ముడతలు పడింది. పావుగంట చల్లారనిచ్చాక, చల్లారిన పాలకోవాలా ఉండే దశ ఒకటి వస్తుంది. అప్పుడు మట్టి బొమ్మలు చేసేవారి తీగ పనిముట్టుతో పగుళ్ళ వెంట గీకాను. కొన్ని చోట్ల ఎరుపు తగిలింది, కొన్ని చోట్ల తగల్లేదు. తగలని చోట మళ్ళీ ఎర్ర చుక్క పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. నా మాను మీద ఎనిమిది చోట్ల గీకితే మూడు చోట్ల ఎరుపు వచ్చింది. మా గేటు పక్క చెట్టు లెక్క కూడా దాదాపు అదే. లేచిన చిగుళ్ళలో చాలా భాగం మాడిపోయి, రెండే కొమ్మలయ్యాయి.

తట్టుకున్న తాటికి ఈ పద్ధతి పనికిరాదు. దానికి లోపల దాచడానికి ఏమీ లేదు. మందంగా, గట్టిగా, 5కు 1 పాళ్ళ మైనం ఎత్తుగా పేర్చి, పూర్తిగా చల్లారాక ఇనుప మొనతో మట్టల మచ్చలను అడ్డంగా గీయండి. గీతల్లో నల్ల నూనెరంగు రుద్ది, పైన తుడిచేస్తే గుంటల్లో నిలుస్తుంది. తాటి మాను మీద రాలిన ప్రతి మట్టకూ మచ్చ ఉంటుంది కదా, ఆ మచ్చలే బొమ్మ.

మడ అడవులు ఈ రెంటిలో ఏవీ కావు. అక్కడ రోజూ నీరు వచ్చి పోతుంది. అసాధారణంగా ఏదీ జరగదు, కష్టమే వాటి దినచర్య. బురదలోంచి పైకి లేచే శ్వాసవేళ్ళను మైనంలో చేయడం తేలిక, ఓపిక కావాలి. సరిగ్గా కరిగే వేడిలో ఉన్న మైనాన్ని కుంచె మొనతో తాకించి తీయాలి, దాని మీదే మళ్ళీ, మళ్ళీ. పది పన్నెండు తాకిళ్ళకు ఒక మేకు లేస్తుంది. గన్ దూరంగా పెట్టి, తక్కువ వేడితో ఊరికే ఒకసారి తడమాలి. దగ్గర పెడితే అడవంతా ఒక్క క్షణంలో బురదలో కలుస్తుంది.

మడ ఆకుల మీద ఉప్పు పలుకులు మెరుస్తాయి, ఆ చెట్టు పీల్చిన ఉప్పును ఆకుల గుండా బయటికి నెడుతుంది. అది చూసి మురిసిపోయి నేను నిజమైన కల్లుప్పునే మైనంలో పొదిగాను. వేసవిలో బాగానే ఉంది. జులైలో బొమ్మకు చెమట పట్టింది. ఉప్పు గాలిలోని తేమను లాగి, మైనం కింద నీటి బుడగలు కట్టి, అక్కడక్కడ పెచ్చులు లేచాయి. తేమ ఉన్నదేదీ మైనంలో పొదగకండి. ఆకులైనా సరే, పుస్తకంలో నెల రోజులు ఆరాకే. నీళ్ళలో నానబెట్టి పచ్చదనం పోగొట్టిన రావి ఆకు ఈనెల జాలీ అయితే భేషుగ్గా ఒదుగుతుంది. కాగితం కూడా అంతే. అమెరికన్ చిత్రకారుడు జాస్పర్ జాన్స్ 1954, 55లలో వేసిన జెండా బొమ్మలో మైనం కింద వార్తాపత్రిక ముక్కలు ఇప్పటికీ చదవడానికి వీలుగా కనిపిస్తాయి. హుద్‌హుద్ మర్నాటి పేపరు ఎవరి దగ్గరైనా దాచి ఉంటే మీకు పనికొస్తుంది, కానీ అక్షరాలు కనబడితే చూసేవారు చదవడంలో పడిపోతారు. తిరగేసి అతికించండి.

ఇంకో రెండు ఇతివృత్తాలు నా దగ్గర నలుగుతున్నాయి, మీకు పనికొస్తే తీసుకోండి. ఒకటి టేకు మొక్క. ఏటా అడవి నిప్పుకు నేల దాకా కాలిపోతుంది, వానలకు మళ్ళీ లేస్తుంది, వేరు మాత్రం ఏడాదికేడాది లావెక్కుతుంది. ఒక సంవత్సరం నిప్పుకు అందనంత ఎత్తుకు ఒక్క ఊపులో పెరిగిపోతుంది. దీన్ని నిలువు చెక్క మీద, మూడొంతులు నేల కిందే ఉండేలా వేయాలని నా ఆలోచన. రెండోది మన దేశానిది కాదు. అమెరికాలో లాడ్జ్‌పోల్ పైన్ అనే చెట్టు కాయల్లో కొన్ని జిగురుతో సీలు వేసినట్టు మూసుకుని ఉంటాయి. 45 నుంచి 60 డిగ్రీల వేడి తగిలితే జిగురు కరిగి, కాయ విచ్చుకుని, గింజలు రాలతాయి. 1988లో యెల్లోస్టోన్ పార్కులో మూడో వంతుకు పైగా తగలబడ్డాక ఆ బూడిదలో లేచినవి ఎక్కువగా ఈ చెట్లే. చెట్టు జిగురు, వేడి, కరగడం, మన పెనం మీద జరిగేదీ అదే కదా అని ఆ సంగతి చదివిన రోజు చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అన్నీ కుదరవు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో చెదపురుగు మందును సెలైను సీసాలతో చుక్కలు చుక్కలుగా ఎక్కించారు గుర్తుందా? ఆ సీసాలూ గొట్టాలూ మైనంలో ఎంత అందంగా వస్తాయో అనుకుని మూడు నెలలు కష్టపడ్డాను. చివరికి అది ఆరోగ్యశాఖ పోస్టరులా తయారైంది. కథ ముందే తెలిసిపోయే బొమ్మకు మైనం ఏమీ చేయలేదని అప్పుడు ఒప్పుకుని, మొత్తం గీకి కరిగించి వేరే బొమ్మలో అడుగుకు వాడేశాను. గీకిన మైనం పారేయకండి, రంగులన్నీ కలిసి చక్కటి బురద రంగు వస్తుంది. మీ కోరింగకు అది కిలోలకొద్దీ కావాలి.

మీ పది పన్నెండు బొమ్మల పని మొదలుపెట్టే ముందు అరచేయంత ప్లైవుడ్ ముక్కలు ఇరవై తీసుకుని, ఒక్కోదాని మీద ఒక్కో తప్పు చేయండి. తక్కువ వేడి, ఎక్కువ వేడి, 4కు 1, 8కు 1, తడి ఆకు, ఎండు ఆకు. వెనక పెన్సిలుతో రాసి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మేడ మీది గదిలో గోడకు తగిలించండి. జులైలో గోరుతో ఊడదీసి చూడండి. పుస్తకం చెప్పలేనిది, నేను చెప్పలేనిది, మీ ఊరి ఉక్క చెబుతుంది.

మీరు అడగనిది ఒకటి. డిసెంబరు, జనవరి చలిలో బొమ్మ మీద తెల్లటి మసక కనిపిస్తుంది, ద్రాక్షపండు మీది పొడిలా. కొనుక్కున్నవారు బూజు పట్టిందని మీకు ఫోను చేస్తారు. బూజు కాదు, మైనం లోపలి నుంచి పైకి తేలే పొర. మెత్తబడిన పాత నూలు పంచె ముక్కతో, నీళ్ళు గానీ నూనె గానీ లేకుండా, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దితే పోయి మెరుపు తిరిగి వస్తుంది. మొదటి ఏడాదిలో రెండు మూడుసార్లు అలా చేయాల్సి ఉంటుంది, మైనం పూర్తిగా గట్టిపడడానికి ఆ మాత్రం కాలం పడుతుంది. బొమ్మ ఇచ్చేటప్పుడే వెనక ఈ మాట రాసిన చీటీ అతికించి, గుడ్డ ముక్క కూడా జత చేసి ఇవ్వండి.